బంగాళాదుంపలకు కుట్టిన అంగీ

మాస్టారు బడిలో ఒక్క పాఠమైనా చెప్పి ఎరగరు. దర్జీ కొట్టులో కత్తెర పట్టే పెద్దను అందరూ మాస్టారనే అంటారు గనక, ఆ వీధంతా ఆయన్ను అలాగే పిలిచేది. పిలవగా పిలవగా బడిపంతులు లక్షణాలు కూడా కొన్ని అబ్బాయి. ఎదుటివాడి తప్పు పట్టడం వాటిలో మొదటిది. తన తప్పు ఒప్పుకోకపోవడం రెండోది.

ఈ రెండో గుణం మీదే ఆయన వృత్తి జీవితమంతా నిలబడింది. తను వేసిన కుట్టును తన చేత్తో విప్పలేదన్నది మాస్టారి ఏకైక గర్వకారణం. చొక్కా చంకల దగ్గర పట్టేసిందని ఎవరైనా తిరిగొస్తే, ఆయన చొక్కా వైపు చూసేవారు కాదు. మనిషి వైపు చూసేవారు. తల పంకించి, గొంతు తగ్గించి, "ఈమధ్య ఒంటికి నీరు పట్టినట్టుంది బాబూ, ఓసారి డాక్టరుకు చూపించుకో" అనేవారు. వచ్చినవాడు చొక్కా మాట మరిచి, గుబులుగా ఇంటిదారి పట్టేవాడు. వదులైందని వచ్చినవాడికి పరామర్శ మరో తీరులో జరిగేది: "ఇంట్లో అంతా కులాసాయేనా? వేళకి పెడుతున్నారా?"

కొడుకు చేతికి కొట్టు వచ్చాక కాలం మారింది. కరెంటు మిషన్లు వచ్చాయి. వచ్చినవాళ్ళు కొలతలిచ్చేందుకు నిలబడే ఓపిక లేక, పాత చొక్కా ఒకటి బల్ల మీద పడేసి పోవడం మొదలుపెట్టారు. మాస్టారు ఆ చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తి, "ఇది కుట్టినవాడు ఎవడో గానీ..." అని ఉపన్యాసం ఎత్తుకునేవారు. ఒకరోజు కొడుకు, మర్యాదగానే, "నాన్నా, కాస్త పక్కకి కూర్చో" అన్నాడు. మర్నాడూ అన్నాడు. ఆ తర్వాత అనాల్సిన పని లేకుండానే మాస్టారికి ఎక్కడ కూర్చోవాలో తెలిసిపోయింది. ఒక వారం అలా కూర్చుని, తన కత్తెరను గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేశారు.

ఇంట్లో ఆయన పక్కకి కూర్చోవలసిన చోట్లు ఇంకా ఎక్కువున్నాయి. భార్య ఇల్లు ఊడుస్తుంటే కాళ్ళు ఎత్తాలి. కోడలు బట్టలు మడతపెడుతుంటే మంచం దిగాలి. ఆఖరికి పెరట్లో, వంటగది కిటికీ కింద, రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత ఖాళీ జాగా ఒకటి కనిపించింది. అక్కడ నిలబడితే ఎవరూ జరగమనలేదు. మాస్టారికి ఆ జాగా మీద వల్లమాలిన ప్రేమ పుట్టుకొచ్చింది.

వంటగది బుట్టలో మొలకలొచ్చిన బంగాళాదుంపల్ని భార్య పారేయబోతుంటే, అడ్డుపడి తీసుకెళ్ళి అందులో పాతారు. అవి ఆశ్చర్యంగా మొలిచాయి. ఆకు కమ్మేసింది. అప్పుడు వచ్చింది పురుగు.

దాన్ని మొదటిసారి చూసినప్పుడు మాస్టారికి కోపం రాలేదు సరికదా, గౌరవం కలిగింది. సెనగగింజంత పెంకు పురుగు. పసుపు పచ్చ కోటు మీద నల్ల చారలు, వీపు మధ్యన అతుకు దగ్గర ఇటు చార అటు చారకి వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. చారల బట్టలో అతుకు కలపడం ఎంత కష్టమో కుట్టేవాడికే తెలుసు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "పనితనమంటే ఇదీ" అని, జాగ్రత్తగా తీసిన ఆకు మీదే పెట్టారు.

అదీ ఆయన చేసిన మొదటి ఉపకారం. ఆ పెద్దమనిషి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. ఆకుల అడుగున నారింజ రంగు గుడ్లు బొత్తాలు కుట్టినట్టు వరసగా వెలిశాయి. గుడ్లలోంచి ఇటుకరంగు గూని పిల్లలు దిగి, ఆకును పైనుంచి కిందికి ఉద్యోగధర్మంగా నమిలేశాయి. చివరికి మడిలో కాడలు మిగిలాయి. తవ్వితే గోళీకాయలంత దుంపలు గుప్పెడు దొరికాయి. ఆవిడ వాటిని అరచేతిలో పోసుకుని, "వీటిని వండాలా, ఆడుకోవాలా?" అంది.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు కొడుకు భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, ఆ జాగా ఊరికే పడుంది. సిమెంటు చేయిస్తే నా స్కూటర్ లోపల పెట్టుకుంటా. వీధిలో ఎండకీ వానకీ సీటు చిరిగిపోతోంది."

"ఊరికే పడుందా? అది పొలంరా!"

"పొలమా? గుప్పెడు దుంపలకా?"

"మొదటి చొక్కా నువ్వు ఎలా కుట్టావో గుర్తుందా? రెండు చేతులూ ఒకే పక్క పెట్టావు. నేనేమన్నా కొట్టు మూయించానా?"

వాదన ముదిరింది. కోడలు కూర గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. చివరకు మాస్టారి భార్య తీర్పు చెప్పింది. వచ్చే పంటకి, ఇంటిల్లిపాదికీ ఒక పూట కడుపునిండా సరిపడే దుంపలు ఆ మడిలోంచి రావాలి. వస్తే జాగా ఆయనది, ఇంకెవరూ నోరెత్తకూడదు. రాకపోతే సిమెంటు. "ఇంకో మాట. పురుగుల మందు కొట్టిన దుంప నా పొయ్యి ఎక్కదు. ఆ కిటికీలోంచి గాలి నా వంటలోకే వస్తుంది. మందు వాసన వచ్చిందా, దుంపలతో పాటు మీరూ బయటే."

మాస్టారు ఒప్పుకున్నారు. ఒప్పుకోక చేసేదేముంది? ఆ మడి పోతే ఆయన కాళ్ళు ఎత్తి కూర్చోవడానికి తప్ప ఎందుకూ పనికిరారు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే చలికాలమంతా గోడవైపు తిరిగి దాని గురించే ఆలోచించారు.

ఆలోచనకు సాయం పక్కింటి బస్సు డ్రైవరు. డ్యూటీ లేనప్పుడు ప్రహరీ గోడ మీద మోచేతులు ఆన్చి, ప్రపంచంలోని ప్రతి సమస్యకూ పరిష్కారం చెప్పడం అతని రెండో ఉద్యోగం.

"మాస్టారూ, మిరపకాయలు దంచి నీళ్ళలో కలిపి చల్లండి. పురుగు పరారే."

మాస్టారు పెరటి మూలనున్న ఓ వంకాయ మొక్క మీద ముందుగా ప్రయోగం చేసి చూశారు. గాలి ఎదురు తిరిగింది. ఆ సాయంత్రం ఆయన పెరటి గట్టు మీద కూర్చుని కళ్ళు వాచేలా ఏడుస్తుంటే, డ్రైవరు భార్య గోడ మీంచి తొంగిచూసి, "అయ్యో, ఎవరు పోయారండీ?" అని తనూ ముక్కు తుడుచుకుంది.

"నేను వంటవాణ్ణా మిరపకాయలతో యుద్ధం చేయడానికి?" అని మర్నాడు మాస్టారు ప్రకటించారు. "దర్జీని. నా ఆయుధం నాకుంది."

ఆయుధం అంటే దోమతెర బట్ట. పురుగు ఎగిరి వచ్చి ఆకు మీద వాలితేనే కదా ఈ పాట్లన్నీ? వాలకుండా మడికి మొత్తంగా అంగీ కుట్టేస్తే సరి. గాలి, వాన, ఎండ లోపలికి పోతాయి. పురుగు పోదు. ఇంత సులువైన సంగతి రైతులకు తట్టకపోవడానికి కారణం వాళ్ళకు కుట్టుపని రాకపోవడమేనని ఆయన తేల్చారు.

ఇక ఆ పని చేసిన తీరు చూడాలి. నడుమెత్తున వెదురు బద్దలు వంచి పాతి, వాటికి కొలతలు తీశారు. కొలత తీసేటప్పుడు అలవాటు కొద్దీ "ఊపిరి పీల్చి వదలండి" అని కూడా అన్నారు. అటకమీంచి పాత కాలిమిషను దింపించి, ఒక్కొక్క అతుకూ రెండుసార్లు కుట్టి, అంచుకు మందపాటి కాన్వాసు పట్టీ వేసి, ఎక్కడా గుండుసూది దూరే సందు లేకుండా చేశారు. దుంపలు పాతారు. అంచును లోతుగా భూమిలోకి దింపి, దానిమీదే మట్టి ఎగదోసి గట్లు కట్టారు. చివరి మూల తను బయట మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో కుట్టి మూసి, దారం పంటితో తెంపారు.

వీధివీధంతా వచ్చి చూసింది. కొడుకు కూడా వచ్చి, అతుకు మీద వేలు పోనిచ్చి, "కుట్టు మాత్రం బాగుంది నాన్నా" అన్నాడు. ఆ మాటకి మాస్టారు ఆ పూట ఓ ముద్ద ఎక్కువ తిన్నారు.

మొక్కలు మొలిచాయి. వల కింద ఆకు నిగనిగలాడింది. పిట్టలు వచ్చి వల మీద వాలి, లోపలికి పోయే దారి లేక నిట్టూర్చి ఎగిరిపోతుంటే మాస్టారు కుర్చీ వేసుకుని చూసి ఆనందించేవారు. అలా చూస్తుండగా ఒక ఉదయం, వల మీద పసుపు కోటు కనిపించింది. ఆయన ధీమాగా వేలితో చిటికె వేశారు. అది కదలలేదు. మళ్ళీ వేశారు. అప్పుడు అర్థమైంది. అది వలకు అవతలి పక్కనుంది. అంటే లోపల.

మాస్టారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. మొదట తన కుట్టును అనుమానించవలసి వచ్చినందుకు సిగ్గుపడ్డారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, మోకాళ్ళ మీద మడి చుట్టూ తిరుగుతూ ప్రతి అతుకూ తడిమి చూశారు. ఎక్కడా సందు లేదు. దాంతో సహజంగానే అనుమానం మనుషుల మీదికి మళ్ళింది.

"ఏమే, నువ్వుగానీ అంచు ఎత్తావా?"

"నాకేం పని లేదా? మీ దుంపల చీర కుచ్చిళ్ళు నేనెందుకు ఎత్తుతాను!"

"మరి వీడెత్తి ఉంటాడు. స్కూటర్ కోసం ఎంతకైనా తెగిస్తాడు."

"కొడుకును పట్టుకుని ఆ మాటలేంటండీ? పురుగును జేబులో వేసుకొచ్చి వదిలాడంటారా?"

"వాడి జేబులు నేను కుట్టలేదు. అందులో ఏముంటాయో నాకేం తెలుసు?"

మర్నాటికి పురుగులు పెరిగాయి. ఆ మర్నాడు ఇంకా. అప్పుడు మాస్టారు మిగతా పనులన్నీ మానేసి, వలకు ముక్కు ఆనించి నిఘా వేశారు. ఎండ పైకొచ్చేవేళ, మొక్క మొదట్లో మట్టి కొంచెం కదిలింది. బీట పడింది. అందులోంచి ఒక పురుగు, వీపున మట్టి మోసుకుంటూ, నిద్ర కళ్ళతో లేచినట్టు పైకి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, తిన్నగా పక్కనున్న ఆకు ఎక్కి ఫలహారం మొదలుపెట్టింది.

అవి ఎక్కడినుంచీ ఎగిరి రాలేదు. నిరుటి మంద చలికాలమంతా ఆ మట్టిలోనే పడుకుంది. మాస్టారు మళ్ళీ అదే మట్టిలో దుంపలు పాతి, పిట్టలు పొడవకుండా, గాలికి కొట్టుకుపోకుండా, గుండుసూది దూరకుండా, భోజనంతో సహా వాటిని భద్రంగా లోపల పెట్టి కుట్టేశారు.

డ్రైవరు గోడ మీంచి అంతా విని, ఓ నిమిషం నోరు మూసుకున్నాడు. అతనికది అలవాటు లేని పని గనక ఎక్కువసేపు ఓర్చుకోలేకపోయాడు. "మాస్టారూ, నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఇంత మంచి లాడ్జి ఎక్కడా చూడలేదు. దోమతెరతో సహా!"

ఎవరైనా ఆ క్షణంలో వల విప్పేస్తారు. మాస్టారు విప్పలేదు. అంచు తవ్వి లాగుదామంటే గట్టుతోపాటు వేళ్ళూ, అప్పుడప్పుడే ఊరుతున్న పిందె దుంపలూ పెకిలిపోతాయి. అతుకు విప్పుదామంటే జన్మలో చేయని పని. పైగా కొడుకు బాగుందన్న అతుకు. ఆయన రాత్రింబగళ్ళు మథనపడి, వలకు చేతులు కుట్టాలని నిశ్చయించారు.

"మొన్న విప్పనన్నారు, ఇవాళ కత్తెర పెట్టారేం?" అంది ఆవిడ.

"కోయడం వేరు, విప్పడం వేరు. కోయడం పనిలో భాగం" అన్నారు మాస్టారు. ఆవిడ ఈ తేడాను అర్థం చేసుకునే ప్రయత్నం చేయకుండా లోపలికి పోయింది.

వల పక్కభాగంలో రెండు గుండ్రటి కంతలు కోసి, సబ్బునీళ్ళ డబ్బా ఒకటి లోపలికి దించి, ఆ కంతలకు రెండు పొడుగు చేతులు బిగించారు. పురుగు బయటికి రాకుండా చివర్లకు ఎలాస్టిక్. బయట కూర్చుని తన చేతులు అందులో దూర్చి, పురుగుల్ని ఏరి డబ్బాలో వేయాలని పథకం. వేసేవారు కూడా, చేతికి అందినవాటిని. అందనివి మడి మధ్యకు చేరి, అక్కడ సంసారాలు పెట్టుకున్నాయి.

వాటిని అందుకోవాలని ఒకరోజు మాస్టారు చేతులకు సబ్బు రాసుకుని, భుజాల దాకా దూర్చేశారు. చెంప వలకు ఆనింది. రెండు పురుగులు దొరికాయి. మూడో దానికోసం సాగేసరికి సబ్బు ఆరిపోయింది. ఎలాస్టిక్ చేతుల్ని పట్టుకుని వదలలేదు. ఆయన బిగించిన ఎలాస్టిక్ అలాంటిది.

సరిగ్గా అప్పుడే కొడుకు తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. జాగా చూపించి పెడదామని. తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని, దుంపల మడిని కౌగిలించుకుని, దాని గుండె చప్పుడు వింటున్నట్టు కనిపించారు.

"నాన్నా... ఏం చేస్తున్నావ్?"

"పని."

"చేతులు బయటికి తియ్యి, ఈయనకు కాస్త జాగా చూపిద్దాం."

"తీయను."

"తీయవా, తీయలేవా?"

మాస్టారు చేతుల్ని ఓసారి గుంజి చూశారు. ముక్కు మీద ఈగ వాలింది. దాన్నీ ఏమీ చేయలేకపోయారు. మేస్త్రీ పెద్దమనిషి. చూపు పక్కకి తిప్పుకుని, "మళ్ళీ వస్తాలెండి" అని వెళ్ళిపోయాడు. కొడుకు అతన్ని సాగనంపడానికి వెళ్ళాడు.

ఆవిడ నూనెగిన్నె తెచ్చి, పక్కన చతికిలబడి, ఆయన చేతుల్ని ఒకదాని తర్వాత ఒకటి జారిపించి బయటికి లాగింది. మోచేతుల దగ్గర ఎర్రగా గుర్తులు పడ్డాయి. "ఈమధ్య ఒంటికి నీరు పట్టినట్టుంది" అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

"మేస్త్రీ కొలతలు తీసుకున్నాడా?" అన్నారు మాస్టారు.

"ఇంకా లేదు. పురుగులు ఏరడానికి ఈ వలే అడ్డమైతే కత్తెర తేనా? పైనుంచి కిందికి ఒక్క చీలిక చీలిస్తే పోతుంది."

"కత్తిరిస్తే బట్ట పాడైపోతుందే." ఆయన వల వైపు వంగి చూశారు. లోపల మధ్య మొక్క అప్పటికే సగం కాడలు తేలింది. "విప్పాలి."

వెన్ను మీది పెద్ద అతుకు దగ్గర కూర్చుని, మాస్టారు సూదిమొనతో మొదటి కుట్టు ఎత్తారు. అది రాలేదు. బాగా వేసిన కుట్టు మరి. రెండోసారి ఎత్తారు. ఆవిడ, ఎవరైనా బట్టలు మార్చుకుంటుంటే అటు తిరిగినట్టు, తలుపు వైపు తిరిగి కూర్చుంది. దారం పుటుక్కున తెగిన చప్పుడు విని కూడా తిరగలేదు. మొత్తం విప్పేసరికి పొద్దు వాలింది.

"అయిందా?" అంది.

"అయింది. వీడెవడో గానీ గట్టిగానే కుట్టాడు."

ఆ మర్నాటి నుంచి యుద్ధం చేతులతోనే జరిగింది. చల్లపూట, పురుగులు బద్ధకంగా ఉన్నప్పుడు, మాస్టారు ఒక పక్కనుంచి ఏరేవారు. ఆవిడ ఇంకో పక్కనుంచి వచ్చేది. బియ్యంలో రాళ్ళేరిన కళ్ళు గనక గుడ్లు ఆవిడకే ముందు కనిపించేవి. ఆకు తిరగేసి, నారింజ రంగు గుత్తి కనిపించగానే, "ఇక్కడ దాక్కున్నావుటే, నీ వంశం మండ!" అని బొటనవేలితో నలిపేసేది. మాస్టారు మాత్రం ప్రతి పెంకు పురుగునూ డబ్బాలో వేసేముందు దాని వీపు అతుకు ఓసారి చూసుకునేవారు.

"మళ్ళీ చూస్తున్నారు! వేయండి లోపల."

"వేస్తున్నానే. చూస్తే తప్పేముంది?"

"చూసి చూసి నిరుడు ఏమైందో తెలుసుగా."

కోడలు కూడా బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా నాలుగు ఏరి పోయేది. డ్రైవరు గోడ మీంచి "అదిగో ఎడమ పక్క, ఎడమ పక్క, ఇంకాస్త ముందుకి, రైట్ రైట్" అని దారి చూపేవాడు. పిట్టలు వచ్చాయి. వల లేని మడి చూసి మొదట నమ్మలేదు. తర్వాత అవీ ఓ చేయి వేశాయి. మధ్యలో మొక్కలు కొన్ని దక్కలేదు. మిగతావి చిగిర్చాయి.

ఆకు పండి వాలాక ఒక సెలవురోజున తవ్వారు. మాస్టారు పార పట్టి, దుంపకు గాటు పడకుండా అంగుళం అంగుళం తవ్వుతుంటే కొడుకు ఆగలేక తనే చేతులతో మట్టి పెళ్ళగించాడు. పిడికెడంత దుంప ఒకటి చేతికొచ్చింది. "నాన్నా!" అని చిన్నపిల్లాడిలా అరిచి, వెంటనే తను ఎవరి పక్షమో గుర్తొచ్చి, దగ్గి, దాన్ని గంపలో పడేశాడు. గంప నిండింది. పొంగిపొర్లలేదు గానీ, నిండింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెద్ద గిన్నె దించింది. నలుగురూ తిన్నారు. కొడుకు రెండోసారి వడ్డించుకున్నాడు. మూడోసారి గిన్నె వైపు చూసి, అందులో ఇంకా ఉండటం గమనించి, ఓటమిని హుందాగా అంగీకరించాడు.

"సరే నాన్నా. జాగా నీదే. ఇక ఎవరూ అడగరు."

మాస్టారు చేయి కడుక్కుని, తాపీగా తుడుచుకుని, "నాకొద్దు" అన్నారు.

ముగ్గురూ తినడం ఆపేశారు.

"ఏమండీ, ఎండదెబ్బ గానీ తగిలిందా?" అంది ఆవిడ.

"ఆ మట్టిలో మళ్ళీ పడుకుని ఉంటాయే. మనం ఏరింది ఏరాం. తప్పించుకున్నవి కిందికి దిగాయి. వచ్చే ఏడు లేచి, ఆవలించి, మంచం పక్కనే పళ్ళెం ఉందా అని చూస్తాయి. ఉండకూడదు. అదే జాగాలో మళ్ళీ పాతితే ఈసారి తప్పు పురుగుది కాదు, నాది."

ఆ చివరి మాట ఆయన నోటివెంట రావడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కోడలు మంచినీళ్ళు అందించింది.

"మరి ఎక్కడ పాతుతారు మావయ్యా?"

మాస్టారు వీధి గుమ్మం వైపు చూశారు. గేటు పక్కన ఆవిడ గులాబీలున్నాయి. చూపు ఎటు పోయిందో ఆవిడకు చప్పున తెలిసిపోయింది.

"అమ్మమ్మమ్మ! నా పూలమొక్కల జోలికొస్తే ఊరుకోను!"

"జోలికి రావడం కాదే. మార్చుకుందామంటున్నా. నీ గులాబీలు పెరట్లోకి, నా దుంపలు ముందుకి. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి కిటికీలోంచి చూస్తే పూలే పూలు. ఆ పురుగులు గులాబీ ముట్టవు. లేచి చూసుకుని ఏడుస్తాయి."

"అవి నడుచుకుంటూ ముందుకొస్తే?" అంది కోడలు.

"రానీయమ్మా. ఆకలి కడుపుతో ఇల్లంతా చుట్టి రావాలి. వచ్చినవాళ్ళు అలిసిపోయి వస్తారు. ఏరడం తేలిక."

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది. కిటికీ కింద నిలబడి, ఎర్రది ఎక్కడ, పసుపుది ఎక్కడ అని చేతులతో గాల్లో పాతి చూసుకుని తిరిగొచ్చింది. "గులాబీలు నేనే పెకలిస్తాను. మీరు చేయి వేయకండి. మీ చేతికి ఏది దొరికినా అంగీ కుట్టేస్తారు."

"సరే."

కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి నా స్కూటరు?"

"దానికేం రా," అన్నారు మాస్టారు, మంచం మీద కాళ్ళు బారచాపుకుంటూ. "వీధిలో ఎండా గాలీ తగుల్తూ ఆరోగ్యంగా ఉంది. సీటు చిరిగిందంటున్నావుగా, రేపు తీసుకురా. పాతది విప్పి కొత్తది వేస్తాను."